ఉత్తర తెలంగాణ గుట్టల మీద రాక్ క్లైంబింగ్: యాత్రకు సరైన కాలాన్ని ఎంచుకునే పద్ధతి

"దసరా సెలవుల్లో పాండవుల గుట్టలకు వస్తే ఎక్కవచ్చా?" అన్న ప్రశ్న ప్రతి ఏటా బతుకమ్మ పండుగకు ముందు నుంచే మొదలవుతుంది. చలికాలంలో రండి అని ఒక్క మాటతో తేల్చేయవచ్చు గానీ, ఆ ఒక్క మాట పట్టుకుని డిసెంబరులో వచ్చినవారు మిట్టమధ్యాహ్నం దక్షిణపు బండ మీద చెమటలు కక్కుతూ దిగిపోవడమూ, మార్చిలో వచ్చినవారు తెల్లవారుజామునే హాయిగా నాలుగు రూట్లు (గోడ మీద ఎక్కే దారులు) ఎక్కి పది గంటలకల్లా టిఫిన్‌కు కూర్చోవడమూ నేను చూశాను.

అందుకే నెల పేరుతో మొదలుపెట్టవద్దని చెబుతుంటాను. ముందు రాయి, ఆ తర్వాత వాన, ఆ తర్వాత గోడ చూసే దిక్కు, చివరికి గంటలు. ఈ వరుసలో లెక్క వేసుకుంటే తేదీ దానంతట అదే తేలుతుంది.

ఈ మార్గదర్శి తాడు, హార్నెస్ (నడుముకు కట్టుకునే పట్టీ), బిలే (ఎక్కేవారి తాడును కింద నుంచి పట్టి కాపాడటం) సంగతులు తెలిసినవారికీ, అవి తెలిసినవారి వెంట వెళ్ళేవారికీ ఉద్దేశించినది. ఎక్కడం నేర్పడం ఇక్కడి విషయం కాదు.

1. మొదట రాయి ఏదో తెలుసుకోండి

వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ పరిసరాల్లో కనిపించే గుండ్లు, పరుపుబండలు చాలావరకు గ్రానైటువే. హైదరాబాద్ దారిలో కోటను మోస్తున్న భువనగిరి ఏకశిల కూడా గ్రానైటే. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు మాత్రం ఇసుకరాయి. వరంగల్ నుంచి పరకాల మీదుగా సుమారు 50 కిలోమీటర్ల ప్రయాణంలోనే రాయి జాతి మారిపోతుంది. దానితోపాటు ఎక్కదగిన రోజుల లెక్కా మారిపోతుంది.

గ్రానైటు నీటిని దాదాపుగా పీల్చుకోదు. వాన వెలిసి ఎండ కాస్తే తెరిపి బండ కొన్ని గంటల్లోనే ఆరిపోతుంది. అయితే పగుళ్ళలోంచి, పైనున్న మట్టిలోంచి నీరు రెండు మూడు రోజుల పాటు ఊరుతూనే ఉంటుంది. బండ మీద పైనుంచి కిందికి దిగే నల్లటి చారలు ఆ నీటి దారులే. ఆ చారల్లో నాచు జాతి పొర ఉంటుంది కనుక ఎండినప్పుడు గట్టిగానే అనిపించినా, కాస్త తడి తగిలితే సబ్బు మీద కాలు పెట్టినట్టే ఉంటుంది.

ఇసుకరాయి సంగతి వేరు. అది నీటిని లోపలికి పీల్చుకుంటుంది, రేణువులను పట్టి ఉంచే బంధం తడికి బలహీనపడుతుంది. పైకి పొడిగా కనిపించే రాయి లోపల ఇంకా తడిగా ఉండవచ్చు. ఆ స్థితిలో బరువు వేస్తే చేతి పట్టు ఉన్న అంచు అలాగే ఊడి వస్తుంది. ఎక్కేవాడికి దెబ్బ తగలడం ఒక నష్టం, ఆ రూట్ శాశ్వతంగా పాడైపోవడం రెండో నష్టం. నా కళ్ళ ముందే ఒకసారి మంచి అంచు ఒకటి అరచేతి వెడల్పున విరిగింది. పైనుంచి తాడు ఉండటంతో మా మిత్రుడు బతికిపోయాడు. అంతకు ముందు రోజు సాయంత్రం పడింది చిన్న జల్లే కదా అనుకుని మేము లెక్క చేయలేదు.

2. ఏడాదిని కార్తెలతో కొలవండి

ఇక్కడి రైతు విత్తనానికి చూసే లెక్కే మనకూ పనికొస్తుంది. ఫోనులోని వాతావరణ సూచన వారం పది రోజులకు మించి నమ్మదగినది కాదు. రెండు నెలల ముందు సెలవు పెట్టుకోవాలంటే కార్తెల వరుసే ఎక్కువ సాయం చేస్తుంది.

నవంబరు రెండో వారం నుంచి జనవరి చివరి వరకు: ఇదే అసలు కాలం. విశాఖ కార్తె నడిచే రోజులకు గాలిలో తడి తగ్గుతుంది, ఆకాశం తేటపడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత వరంగల్‌లో 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలిగాలులు వీచినప్పుడు 10 డిగ్రీల కిందికి కూడా పోతుంది. బూటు రబ్బరు, వేలి చర్మం రెండూ చల్లటి పొడి రాయినే బాగా పట్టుకుంటాయి. లోపమల్లా పగలు చిన్నది, దాదాపు 11 గంటలే.

ఫిబ్రవరి నుంచి శివరాత్రి వరకు: శివశివా అంటూ చలి వెళ్ళిపోయే ఈ రోజుల్లో ఉదయం, సాయంత్రం రెండూ బాగుంటాయి. రాయి ఏడాదిలో ఎన్నడూ లేనంత పొడిగా ఉంటుంది. ఇసుకరాయికి నేనైతే డిసెంబరు కంటే ఫిబ్రవరికే ఓటు వేస్తాను.

మార్చి, ఏప్రిల్ మొదటి సగం: తెల్లవారుజాము యాత్రలకు మాత్రమే. టేకు ఆకు రాలిపోయి ఉంటుంది కనుక గోడ కింద నిలబడి బిలే చేసేవారికి నీడ దొరకదు. ఈ సంగతి చాలామందికి అక్కడికి వెళ్ళాక గానీ తట్టదు.

ఏప్రిల్ మధ్య నుంచి మృగశిర కార్తె వరకు: వద్దు. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయన్న సామెత రాళ్ళ మధ్య బతికినవారు పుట్టించినదే. పగటి వేడి 42 డిగ్రీలు దాటడం మామూలు. పొద్దంతా ఎండ తాగిన గ్రానైటు రాత్రి తొమ్మిదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. పైగా మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి కమ్ముకొచ్చే గాలివానలు పిడుగులతో వస్తాయి.

జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు చివరి వరకు: నైరుతి రుతుపవనాల కాలం. జులై, ఆగస్టులు మరీ గట్టివి. ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. పాండవుల గుట్టలకు అది అంత దూరమేమీ కాదు. ఈ నెలల్లో ఇసుకరాయి మాట ఎత్తవద్దు. గ్రానైటు మీద వాన విరామంలో చిన్న గుండ్లు ఎక్కేవారు ఉన్నారు గానీ, దూరం నుంచి టికెట్లు కొనుక్కుని రావలసిన కాలం ఇది కాదు.

అక్టోబరు, నవంబరు మొదటి వారం: ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. సెలవులు ఉంటాయి, గుట్టలు పచ్చగా ఉంటాయి, ఫోటోలు అద్భుతంగా వస్తాయి. రుతుపవనాలు మామూలుగా అక్టోబరు మధ్యకు తిరుగుముఖం పడతాయి. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో తుపానుల కాలం మొదలవుతుంది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను ఆంధ్ర తీరం దాటితే వరంగల్, హనుమకొండ వీధులు నీట మునిగాయి. తీరానికి ఇంత దూరంలో ఉన్నాం కదా అన్న ధీమా పనికిరాదు. వాన లేని రోజున కూడా గాలిలో తడి ఎక్కువగా ఉండి, చెమట పీల్చుకోవడానికి చేతికి ఎంత చాక్ పొడి రాసినా నిమిషంలో పిండిముద్ద అవుతుంది.

3. గోడ ఏ దిక్కుకు చూస్తుందో లెక్క వేయండి

మన వరంగల్ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు మన నడినెత్తి మీదికి ఏడాదిలో రెండుసార్లే వస్తాడు: మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి రోజుల్లో మరోసారి. ఈ రెండింటి నడుమ మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణాన ఉంటాడు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా దక్షిణపు ఆకాశంలో సగం ఎత్తుకే చేరుతాడు.

దీన్ని గోడలకు అన్వయిస్తే ఇలా ఉంటుంది:

- ఉత్తరపు గోడ: అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు దాదాపు రోజంతా నీడే. డిసెంబరు యాత్రకు ఇదే మొదటి ఎంపిక. కానీ ఆలస్యంగా ఆరుతుంది కనుక అక్టోబరులో ఇదే చివరి ఎంపిక.
- దక్షిణపు గోడ: చలికాలమంతా రోజంతా ఎండ. డిసెంబరు, జనవరిల్లో ఉదయం పదిన్నర వరకు బాగుంటుంది. వాన తర్వాత ముందుగా ఆరేదీ ఇదే.
- పడమటి గోడ: మధ్యాహ్నం వరకు నీడ. రాత్రంతా చల్లబడి ఉంటుంది కనుక ఫిబ్రవరి, మార్చి ఉదయాలకు దీన్ని మించినది లేదు.
- తూర్పు గోడ: మధ్యాహ్నం తర్వాత నీడ. చలికాలపు సాయంత్రాలకు పనికొస్తుంది. మార్చిలో మాత్రం నాలుగింటికి కూడా రాయి వెచ్చగానే ఉంటుంది.

రెండు దిక్కుల గోడలు దగ్గర దగ్గరగా ఉన్న గుట్టను ఎంచుకుంటే సగం సమస్య తీరిపోతుంది. ఉపగ్రహ మ్యాపులో గుట్టను చూసి దిక్కులు గుర్తించడానికి పది నిమిషాలు పడుతుంది. చెట్లు, పక్క గుండ్లు వేసే నీడ మాత్రం అందులో తెలియదు. దానికి ముందు వెళ్ళినవారిని అడగాల్సిందే.

4. వాన తర్వాత ఎంత కాలం ఆగాలి?

గ్రానైటుకు ఎండ కాసిన ఒక పూట చాలు, నల్ల చారలను, పగుళ్ళను వదిలేసి ఎక్కితే. ఇసుకరాయికి చిన్న జల్లు అయితే ఒక పూర్తి రోజు, గట్టి వాన అయితే రెండు నుంచి మూడు రోజులు ఆగాలి. మబ్బు కమ్మి ఉండి గాలి లేకపోతే ఈ లెక్కకు ఇంకో రోజు కలుపుకోవాలి.

అంకెల కంటే చేతి పరీక్షలు నమ్మదగినవి. వరుసగా ఇవి చేయండి:

1. గోడ మొదట్లో మట్టిని జానెడు లోతు తవ్వి చూడండి. పైమట్టి పొడిగా ఉన్నా లోపల చెమ్మ తగిలితే రాతిలోనూ చెమ్మ ఉందని అనుమానించాలి.
2. నీడలో ఉన్న భాగం రంగును, ఎండలో ఉన్న భాగం రంగును పోల్చండి. ముదురు మచ్చలు తడికి గుర్తు.
3. మొదటి రెండు మూడు అంచులను పిడికిలితో తట్టండి. డొల్ల చప్పుడు వస్తే ఆ పెచ్చును పట్టుకోవద్దు.
4. నేల నుంచి అడుగు ఎత్తులోనే ఒక చిన్న అంచు మీద బరువు వేసి చూడండి. ఇసుక రాలితే ఆ రోజుకు ఇసుకరాయిని మరిచిపోండి.

తడిసిన నైలాన్ తాడు బలం కూడా గణనీయంగా తగ్గుతుంది. రాయి ఆరినా తాడు ఆరకపోతే, ఆరిందాకా ఆగాలి. దాన్ని ఎండలో కాకుండా గాలి ఆడే నీడలో ఆరవేయాలి.

5. తేదీలు ఖాయం చేసే క్రమం

రెండు నెలల ముందు: రాయి జాతి, గోడ దిక్కు చూసుకుని మూడు వారాంతాలను గుర్తించండి. ఒక్కటే తేదీ పెట్టుకున్నవారు వాన పడినా పట్టుదలకు పోయి గుట్ట ఎక్కుతారు. సంక్రాంతి వారంలో హైదరాబాద్ రోడ్లు కిక్కిరిసి ఉంటాయి. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే మేడారం జాతర సమయంలో ములుగు, భూపాలపల్లి, పరకాల దారుల్లో కదలడమే కష్టం. హనుమకొండలో గది దొరకడమూ అంతే. 2026లో జాతర జనవరి చివరి వారంలోనే వచ్చింది, సరిగ్గా ఎక్కడానికి అనువైన రోజుల్లో.

నెల ముందు: అనుమతుల పని చూడండి. పాండవుల గుట్టలు అటవీ శాఖ పరిధిలోనివి కనుక ముందుగా వారితో మాట్లాడాలి. అక్కడి ప్రాచీన వర్ణచిత్రాలు ఉన్న గోడల దరిదాపుల్లో చాక్ పొడి వాడటం, రాతిని ముట్టుకోవడం కూడదు. గుడి ఉన్న గుట్టలు, వరంగల్ కోట, పద్మాక్షి గుట్ట వంటి రక్షిత స్థలాలు ఎక్కడానికి కావు, ఏ కాలంలోనైనా.

వారం ముందు: హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చే జిల్లాల వారీ హెచ్చరికల రంగులు రోజూ చూడటం మొదలుపెట్టండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే రెండో వారాంతానికి మారిపోండి.

మూడు రోజుల ముందు: ఇక్కడ చూడవలసింది రాబోయే వాన ఒక్కటే కాదు, పడిపోయిన వాన కూడా. గుట్ట ఉన్న మండలంలో గత మూడు రోజుల్లో ఎంత వాన పడిందో తెలుసుకోండి. దగ్గరి ఊరిలో తెలిసినవారికి ఒక ఫోన్ చేసి "చేన్లో కాలు దిగబడుతున్నదా?" అని అడిగితే ఏ యాప్ చెప్పనంత కచ్చితంగా చెబుతారు.

ముందు రాత్రి: తేమ బిందువు (గాలిలోని తడి నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత, dew point) అంకె చూడండి, చాలా వాతావరణ యాపుల్లో ఉంటుంది. నా అనుభవంలో 15 డిగ్రీల లోపు ఉంటే పట్టు చక్కగా దొరుకుతుంది. 20 దాటితే కష్టమైన రూట్లు పక్కన పెట్టి తేలికైనవి ఎక్కడం మంచిది.

6. ఆ రోజు గంటల పంపకం

డిసెంబరు, జనవరిల్లో తొందర పడనవసరం లేదు. తెల్లవారుజామున పొలాల వెంబడి రోడ్ల మీద మంచు దట్టంగా ఉంటుంది కనుక చీకట్లో బండి నడపవద్దు. ఏడున్నరకు గోడ దగ్గరికి చేరి, మంచు చెమ్మ ఆరాక ఎనిమిది గంటలకు దక్షిణపు లేదా తూర్పు గోడ మీద మొదలుపెట్టి, పదిన్నరకు నీడ గోడకు మారండి. సాయంత్రం ఐదుకు చివరి తాడు దించాలి. ఆ తర్వాత వెలుతురు వేగంగా పోతుంది.

మార్చిలో ఐదున్నరకే గోడ కింద ఉండాలి, తొమ్మిదిన్నరకు సామాను సర్దేయాలి. "ఇంకొక్కటి" అన్న మాట వినిపించినప్పుడల్లా గడియారం చూడండి. మనిషికి కనీసం నాలుగు లీటర్ల నీరు గుట్ట మీదికే మోసుకెళ్ళాలి, బండిలో వదిలినది లెక్కలోకి రాదు.

ఉరుము వినిపించిందంటే పిడుగు పడే దూరంలోనే ఉన్నారని అర్థం. వెంటనే దిగి, చివరి ఉరుము తర్వాత అరగంట వరకు మళ్ళీ ఎక్కవద్దు. ఒంటరి చెట్టు కింద, గుహ ముఖంలో నిలబడవద్దు. పిడుగుల ముందస్తు సూచనకు దామిని యాప్ ఉంది, ఫోనులో పెట్టుకోండి.

7. కాలంతోపాటు మారే మరో ముగ్గురు: తేనెటీగలు, పాములు, గడ్డి

తేనెటీగలనే ముందు చెప్పాలి, ఎందుకంటే పొడి కాలంలో ఇక్కడ ఎక్కేవారికి పడిపోవడం కంటే ఎక్కువ భయపడదగినవి అవే. పెద్ద జాతి కొండ తేనెటీగలు ఎత్తైన గోడల చూరుల కింద తుట్టెలు పెడతాయి. అడవి పూత సమయంలో వాటి సంఖ్య పెరుగుతుంది. పోయిన నెలలో ఖాళీగా ఉన్న గోడ మీద ఈ నెల తుట్టె ఉండవచ్చు. ఎక్కే ముందు దూరం నుంచి గోడ మొత్తాన్ని కళ్ళతో వెతకండి, ఊరివారిని అడగండి. అత్తరు, సెంటు వాడవద్దు, పొగ పెట్టవద్దు, కేకలు వేయవద్దు. తుట్టె కనిపిస్తే ఆ గోడనే వదిలేయండి, పక్క రూట్ కదా అన్న సమర్థన వద్దు. మీద పడితే కొట్టకుండా ముఖం కప్పుకుని బండిలోకో ఇంట్లోకో పరుగెత్తడమే దారి.

అక్టోబరు, నవంబరుల్లో గోడ దాకా నడిచే దారిలో గడ్డి నడుము ఎత్తున ఉంటుంది. కర్రతో తడుతూ, చీలమండలు కప్పే బూట్లతో నడవాలి. చలికాలపు ఉదయం రక్తపింజర, నాగుపాము ఎండ కాచుకోవడానికి వెచ్చటి బండ మీదికి వస్తాయి. కంటికి కనిపించని అంచు మీద చేయి వేయవద్దు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం మాని, కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

వాన ఆగింది కదా అని బయలుదేరడం: ఆగిన రోజు కాదు, రాయి ఆరిన రోజు ముఖ్యం. ఇసుకరాయి తడిగా ఉంటే అదే రోజు తిరిగి వస్తూ గ్రానైటు గుండ్ల వైపు మళ్ళే ప్రణాళిక ముందే ఉంచుకోండి.

చలికాలం కదా అని నీరు తక్కువ తీసుకెళ్ళడం: జనవరి మధ్యాహ్నం కూడా 30 డిగ్రీల వరకు వెళ్తుంది. ఎండ గోడ మీద ఇంకా ఎక్కువ అనిపిస్తుంది.

చెమట పట్టిన కొద్దీ చాక్ పొడి పూయడం: రాయి మీద పేస్టులా పేరుకుని పట్టు ఇంకా తగ్గుతుంది. మెత్తటి బ్రష్‌తో తుడిచి, పది నిమిషాలు నీడలో చేతులు ఆరనిచ్చి మళ్ళీ ప్రయత్నించండి.

పోయిన ఏడు కట్టి వదిలేసిన తాళ్ళ మీద ఆధారపడటం: ఒక వేసవి ఎండ, ఒక వానకాలం దాటిన నైలాన్ పట్టీని నమ్మవద్దు. సీజన్ మొదటి యాత్రలో రాతిలో దిగగొట్టిన బోల్టుల తుప్పును, యాంకర్ (తాడును రాతికి కట్టే చోటు) చుట్టూ పగుళ్ళను పరిశీలించడానికే ఒక పూట కేటాయించండి.

9. ఇతర ఉష్ణమండల గోడలకు వెళ్ళేవారికి

ఇదే వరుస వర్తిస్తుంది, కానీ వానకాలం ఎటు నుంచి వస్తుందో ముందు చూసుకోవాలి. హంపి గ్రానైటుకూ, బాదామి ఇసుకరాయికీ మన లెక్కే సరిపోతుంది: నవంబరు నుంచి ఫిబ్రవరి. తమిళనాడు తూర్పు భాగానికి మాత్రం అక్టోబరు నుంచి డిసెంబరు వరకే ఈశాన్య రుతుపవనాల వానలు. మనకు మంచి నవంబరు అక్కడ చెడ్డది, జనవరి తర్వాతే వెళ్ళాలి.

థాయిలాండ్ క్రాబీ తీరంలోని రైలే సున్నపురాతి గోడలకు నవంబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. అక్కడ ఇంకో మెలిక ఉంది. సముద్రపు ఉప్పు, వేడి, తేమ కలిసి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులను కూడా లోపలి నుంచి చిట్లిస్తాయి, అందుకే టైటానియం బోల్టులు వేస్తారు. బోల్టు ఏ లోహమో అడిగి గానీ ఎక్కవద్దు. ఉత్తరాన చియాంగ్‌మాయి వెళ్తే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు పంట వ్యర్థాలు, అడవి తగలబడే పొగ ఆవరిస్తుంది. వాన లేకపోయినా ఆ నెలలు ఊపిరికి మంచివి కావు.

10. బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి

- రాయి: గ్రానైటా, ఇసుకరాయా? ఇసుకరాయైతే చివరి వాన ఎప్పుడు పడింది?
- గోడ దిక్కు: ఉదయానికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి గుర్తించారా?
- ప్రత్యామ్నాయ వారాంతం, ప్రత్యామ్నాయ గుట్ట రెండూ ఉన్నాయా?
- జాతర, పండుగ రద్దీ చూశారా?
- అటవీ శాఖ అనుమతి చేతిలో ఉందా?
- తేనెతుట్టెల గురించి ఊరివారిని అడిగారా?
- మనిషికి నాలుగు లీటర్ల నీరు, ఓఆర్‌ఎస్, హెడ్‌లైట్, హెల్మెట్ సర్దారా?
- దగ్గరి ఆసుపత్రి ఎక్కడుందో, గుట్ట దగ్గర ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో బృందంలో కనీసం ఇద్దరికి తెలుసా?
- వెనక్కి తిరగాలని నిర్ణయించే మనిషి ఎవరో ముందే అనుకున్నారా? గోడ కింద ఆ చర్చ మొదలుపెడితే ఎక్కాలన్నవారి మాటే నెగ్గుతుంది.